గుమ్మంలోని దీవి

మా పక్కవాటాలోవారు సంక్రాంతి సెలవులకు మారిషస్ వెళ్ళివచ్చారు. వచ్చింది మొదలు మా ఇంట్లో శాంతి లేదు. నీలపు సముద్రం, తెల్లటి ఇసుక, చెరుకుతోటలు, అక్కడ కనిపించిన తెలుగువారు - ఫొటోలు చూపిస్తూ వారు ఏకరువు పెడుతూంటే మా పిల్లలిద్దరూ నోళ్ళు తెరచుకుని విన్నారు. ఆ రాత్రి అన్నాల దగ్గర మా చిన్నవాడు ముద్ద నోట పెట్టుకోకుండానే అడిగాడు: "నాన్నా, మనం దీవి ఎప్పుడు చూస్తాం?"

నెలాఖరు జీతగాణ్ణి, ఏం చెప్పను? నేను తడుముకుంటూ ఉండగా మా అమ్మ అందుకుంది.

"దీవి చూడడానికి విమానం దేనికిరా నాయనా? పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే దివిలో దిగవచ్చు."

ఆ మాట అని, అనకూడనిదేదో అన్నట్టు చటుక్కున ఆగిపోయి మజ్జిగ వడ్డించుకుంది. ఆమె ఎందుకు ఆగిపోయిందో నాకు తెలుసు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మారిషస్‌లో తెలుగువారుండడం వింతేమీ కాదు. 19వ శతాబ్దంలో చెరుకుతోటల పనికి మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళినవారి సంతతి వారు. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు వీరిని కోరంగీలని పిలిచేవారు. ఈనాటికీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. సముద్రాలు దాటి వెళ్ళి దీవిని సొంత ఊరు చేసుకున్న జాతి మనది. కాని మన ఇంటి గుమ్మంలో ఉన్న దీవిని మాత్రం మనలో చాలామంది చూడలేదు. బెజవాడలో నలభయ్యేళ్ళు కాపురం చేసి దివిసీమ గడప తొక్కనివారు మా వీధిలోనే ఎందరో ఉన్నారు. పోయిన మాఘమాసం దాకా నేనూ వారిలో ఒకణ్ణి.

నది కట్టిన దీవి

మహాబలేశ్వరం కొండల్లో పుట్టిన కృష్ణమ్మ సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. విజయవాడ దగ్గర ఇటు ఇంద్రకీలాద్రికీ, అటు సీతానగరం కొండకూ మధ్య ఇరుకున దూరి బయటపడగానే ఆమెకు ఇక అడ్డు లేదు. అక్కడినుంచి అంతా పల్లమే. ఆ ఇరుకులోనే 1855లో ఇంగ్లీషువారు ఆనకట్ట పూర్తి చేశారు. అది సుమారు నూరేళ్ళు పనిచేసి 1952లో తెగింది. దాని తరువాత కట్టినదే 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి. డెల్టాలోని పచ్చదనమంతా ఈ కట్టడాల చలవ.

బ్యారేజి దాటిన నది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ తూర్పుగా, రెండవది దక్షిణంగా సాగి రెండూ సముద్రంలో పడతాయి. రెండువైపుల పాయలు, మూడవవైపు బంగాళాఖాతం, నడుమనున్న నేల దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోని పెద్ద ఊళ్ళు. ద్వీపమన్న మాటే దీవి అయి, దివి అయింది. పాత శాసనాలలో ఈ సీమను ద్వీపమనే పేర్కొన్నారు.

ఈ నేల రాతినేల కాదు. వేల సంవత్సరాలపాటు కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. మహారాష్ట్రలో, కర్ణాటకలో, తెలంగాణలో కొట్టుకుపోయిన నల్లరేగడి ఇక్కడ మెత్తగా పరుచుకుని వరిచేనయింది. మన పెద్దలు "ఏటి ఒడ్డు చేను" అని భయపడతారుగాని, ఈ సీమ యావత్తూ ఏటి ఒడ్డు చేనే!

దారిపొడవునా దర్శనీయాలే

విజయవాడ నుంచి అవనిగడ్డ సుమారు 70 కిలోమీటర్లు. పండిత నెహ్రూ బస్ స్టేషనులో అవనిగడ్డ బస్సులు దొరుకుతాయి. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోయేది ఒక దారి. కృష్ణ కరకట్ట వెంబడి పోయేది మరొకటి. పోయేటప్పుడు ఒక దారిన పోయి, వచ్చేటప్పుడు రెండవ దారిన రావడం మంచిదని నా అభిప్రాయం.

మా ప్రయాణం నాటి తెల్లవారుజామున ఒక విశేషం జరిగింది. "మీరు వెళ్ళిరండి, నేను ఇల్లు చూసుకుంటాను" అని వారం రోజులుగా అంటున్న మా అమ్మ, మేము గుమ్మం దిగబోయేసరికి ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీతో వీధి అరుగు మీద కూర్చుని ఉంది. మా ఆవిడ ఏదో అడగబోయింది. నేను వద్దని సైగ చేశాను.

ఉయ్యూరులో వీరమ్మతల్లి తిరుణాళ్ళ సందడి. మాఘశుద్ధ ఏకాదశినాడు మొదలయ్యే ఆ ఉత్సవాల రోజుల్లో ఈ దారిలో బస్సులు కిటకిటలాడతాయి. ఊరు దాటితే చెరుకు బళ్ళు, ట్రాక్టర్లు. వరి కోసిన పొలాల్లో మినుము పచ్చగా పాకి ఉంది. వరి కోతకు ముందే తడినేల మీద మినుములు చల్లి, మరి దున్నకుండా, నీరు పెట్టకుండా మంచు తడితో రెండో పంట తీయడం కృష్ణా రైతుకు వెన్నతో పెట్టిన విద్య.

పామర్రు దాటి కూచిపూడిలో దిగినవారు సిద్ధేంద్రయోగిని తలచుకోకుండా ఉండలేరు. ఆయన భామాకలాపాన్ని తరతరాలుగా కాపాడిన బ్రాహ్మణ కుటుంబాల ఊరు ఇది. ఒకప్పుడు మగవారే సత్యభామ జడ వేసి ఆడేవారు. ఇప్పుడు దేశదేశాల ఆడపిల్లలు ఇక్కడికి వచ్చి అడుగులు నేర్చుకుంటున్నారు. పక్కనే మొవ్వ. క్షేత్రయ్య పదాల చివర వినిపించే మువ్వగోపాలుడు ఆ ఊరి దేవుడేనని ఇక్కడివారి నమ్మకం.

చల్లపల్లికి సమీపాన ఘంటశాల. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళకారుడు టాలమీ వ్రాసిన కొంటకొస్సిల అనే సంత ఇదేనని పండితులు గుర్తించారు. ఇక్కడ బౌద్ధస్తూపం బయటపడింది. పొలాల మధ్య ఇంత చిన్న ఊరి సరుకు ఒకనాడు రోము దాకా పోయిందంటే మా పెద్దపిల్ల నమ్మలేదు. "అప్పుడు సముద్రం దగ్గరగా ఉండేదేమో" అంది మా అమ్మ. నది ఒండ్రు పోస్తూంటే సముద్రం వెనక్కు జరగడం డెల్టా స్వభావం గనుక ఆమె మాట కొట్టివేయదగినది కాదు.

కరకట్ట దారిన వచ్చేవారికి శ్రీకాకుళం తగులుతుంది. ఇది ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం కాదు సుమా. కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు వెలసిన శ్రీకాకుళం. కళింగ యుద్ధానికి పోతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసం చేయగా, స్వామి కలలో కనిపించి తెలుగులో గోదాదేవి కథ చెప్పమన్నాడట. ఆ కల ఫలమే ఆముక్తమాల్యద. తెలుగు మీద ప్రేమ ఉన్నవారు ఇక్కడ ఒక్క అరగంటయినా ఆగాలి.

మోపిదేవి, పులిగడ్డ

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి దర్శించనిదే దివి యాత్ర సాగదు. పాము చుట్టల మీద లింగం ఇక్కడి మూలమూర్తి. సంతానం కోరేవారు, పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించేవారు, చెవులు కుట్టించేవారు దూరాల నుంచి వస్తారు. మేము వెళ్ళిన రోజున మండపంలో పది పన్నెండుమంది పసివాళ్ళు గుండ్లతో, గంధంతో, ఒకేసారి గుక్కపెట్టి ఏడుస్తున్నారు. వాళ్ళ మేనమామలు మాత్రం ముసిముసి నవ్వులు నవ్వుతున్నారు.

అక్కడినుంచి కాస్త దూరంలోనే పులిగడ్డ. ఇక్కడ తప్పక చూడవలసింది అక్విడక్టు. ఇంగ్లీషువారి హయాంలో కట్టినది. కింద నది పాయ, దాని మీద వంతెన లాంటి తొట్టి, ఆ తొట్టిలో కాలువ. నీటి మీదుగా నీరు ప్రయాణం చేయడం!

"కింద అంత నది ఉండగా పైనుంచి మళ్ళీ నీళ్ళెందుకు నాన్నా?" అని మా చిన్నవాడు అడిగాడు. మంచి ప్రశ్నే. వేసవిలో నది అడుగంటితే సముద్రపు పోటు పాయల్లోకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పునీరు పైరుకు పనికిరాదు. అందుచేత బెజవాడ దగ్గర మళ్ళించిన మంచినీరు కాలువల వెంట వచ్చి, నదిని దాటి దీవిలో ప్రవేశిస్తుంది. చుట్టూ నీరే అయినా దివి రైతు కళ్ళు ఎప్పుడూ కాలువ మీదే ఉంటాయి. కాలువ చివరి భూములు కావడంతో వంతు నీరు అందడం ఒక్కొక్క ఏడు గగనమవుతుంది.

దివి ఘనత

దీవి చిన్నదయినా చరిత్ర చిన్నది కాదు. 13వ శతాబ్దం మొదట్లో కాకతీయ గణపతిదేవుడు దివిసీమను జయించాడు. ఓడిన ప్రభువు పినచోడిని నిర్మూలించక, అతని కుమార్తెలు నారాంబ, పేరాంబలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను చేరదీసి విద్యాబుద్ధులు చెప్పించి, గజసాహిణిని, అంటే ఏనుగుల సేనకు అధిపతిని చేశాడు. ఆ జాయపసేనానే సంస్కృతంలో నృత్తరత్నావళి వ్రాశాడు. నాట్యశాస్త్రాన్ని, దేశి నృత్యాలను వివరించే గొప్ప గ్రంథమది. నాగాయలంక సమీపాన గణపేశ్వరంలో తన ప్రభువు పేరిట శివాలయం కట్టించి, 1231లో శాసనం వేయించాడు. కూచిపూడికి కూతవేటు దూరంలోని ఈ దీవినుంచే నాట్యానికి ఇంతటి శాస్త్రకర్త రావడం ఈ నీటి మహిమ అనుకోవాలి.

తరువాత బందరు రేవు కోసం పోటీపడిన ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఈ దీవి మీద కూడా కన్నేశారు. 1759లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను పట్టుకోవడంతో ఆ తగాదా తీరింది.

అవనిగడ్డలో ఒక సాయంకాలం

అవనిగడ్డ సందడి గల ఊరు. సామాన్యమైన బసలు, భోజన హోటళ్ళు ఉన్నాయి. ఇక్కడినుంచి పులిగడ్డ - పెనుమూడి వారధి మీదుగా అవతలి ఒడ్డున రేపల్లెకు పోవచ్చు. ఒకప్పుడు ఆ ఒడ్డుకు పోవాలంటే పడవే గతి.

ఊరి దగ్గర ఒక స్మారకం ఉంది. ఉప్పెన నీరు అక్కడిదాకా వచ్చిందని చెబుతారు. మేము ఆటో దిగి దాని ముందు నిలబడ్డాము. మా అమ్మ మాత్రం దిగలేదు.

1977 నవంబరు 19, శనివారం. పగలంతా గాలివాన. సాయంత్రానికి సముద్రం లేచింది. సుమారు 5 మీటర్ల ఎత్తున, అంటే మేడంత నీటి గోడ, పల్లెల మీదుగా మైళ్ళ దూరం లోపలికి వచ్చింది. దీవిలో ఎక్కి నిలబడడానికి కొండ లేదు, గుట్ట లేదు. పూరిళ్ళు, పశువులు, మనుషులు తేడా లేకుండా పోయారు. కోస్తా మొత్తం మీద 10,000 మందికి పైగా మరణించారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఏడవడానికయినా మనిషి మిగలని ఇళ్ళున్నాయి.

అప్పుడు తెలుగుదేశం యావత్తూ కదిలింది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. స్వచ్ఛంద సంస్థలు ఇళ్ళు కట్టించాయి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావుగారు ఈ దివిసీమ మనిషే. ఉప్పెన తరువాత ఈ ప్రాంతాన్ని నిలబెట్టడంలో ఆయన కృషి ఇక్కడివారు నేటికీ చెప్పుకుంటారు.

మా అమ్మకు అప్పటికి ఇరవయ్యేళ్ళు. ఆమె పెదనాన్నగారి కూతురు కోడూరు అవతల ఒక పల్లెకు కోడలయి వెళ్ళింది. ఇద్దరూ ఒక కంచంలో తిని, ఒక మంచంలో పడుకుని పెరిగినవాళ్ళు. ఆ సంవత్సరం అట్లతద్దికి "ఒకసారి మా దీవికి రావే, సముద్రం చూపిస్తాను" అని అక్క ఉత్తరం వ్రాసిందట. అమ్మ వెళ్ళలేదు. ఉప్పెన తరువాత మా పెద్దతాతగారు వెళ్ళి వెతికి ఒట్టిచేతులతో తిరిగి వచ్చారు. ఆనాటినుంచి అమ్మ దివి దిక్కు చూడలేదు.

మడ అడవిలో

మరునాడు ఉదయం నాగాయలంక చేరాము. ఇక్కడ కృష్ణ నదిలాగా కాదు, సముద్రానికి చెల్లెలిలాగా ఉంటుంది. రేవులో ఇంజను పడవ మాట్లాడుకుని దిగువకు సాగాము. ఒడ్డున వలలు ఆరవేసుకుంటున్న జాలరులు, తట్టల్లో పండుగప్పలు, రొయ్యలు, కాళ్ళకు తాడు కట్టిన పీతలు. గంట గడిచేసరికి ఊళ్ళు మాయమై రెండువైపులా మడ అడవి మొదలయింది.

మడచెట్టు విచిత్రమైన చెట్టు. ఉప్పునీటిలో, ఊపిరాడని బురదలో పెరుగుతుంది. అందుకని దాని వేళ్ళు కిందికి పోక, మేకులు పాతినట్టు బురదలోంచి పైకి పొడుచుకు వచ్చి గాలి పీలుస్తాయి. తెల్లమడ, తిల్ల వంటి చెట్లు ఎన్నో ఉన్నాయి. ఈ అడవి కృష్ణా వన్యప్రాణుల అభయారణ్యంలో భాగం. చేపలు పట్టుకుతినే బావురుపిల్లి ఇక్కడి ప్రత్యేకత. దేశంలో అరుదైపోతున్న ఆ జంతువు రాత్రులు తిరుగుతుంది గనుక మాకు కనిపించలేదు. కొంగలు, నీటికాకులు, ఉల్లంకి పిట్టలు మాత్రం పిల్లలకు లెక్కపెట్టడానికి వేళ్ళు చాలనన్ని కనిపించాయి. చలికాలం చివర ఈ తీరానికి సముద్రపు తాబేళ్ళు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి.

పడవ సరంగుకు యాభై అయిదేళ్ళుంటాయి. మాట తక్కువ మనిషి. మా అమ్మ మడచెట్ల కేసే చూస్తూ కూర్చోవడం గమనించి, "ఏ వూరండీ అమ్మగారూ? ఇక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారాండీ?" అని అడిగాడు.

"ఉండేవారు నాయనా," అంది అమ్మ. పల్లె పేరు చెప్పింది.

అతడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత ఇంజను నెమ్మది చేసి చెప్పాడు:

"అప్పుడు నాకు ఏడేళ్ళండి. మా నాయన తలగుడ్డతో నన్ను తాటిచెట్టుకు కట్టేశాడు. తెల్లారేసరికి చెట్టుంది, నేనున్నాను. నాయన లేడండి." కొంచెం ఆగి, చేత్తో అడవిని చూపించాడు. "ఈ మడ ఉన్నచోట నీళ్ళ జోరు కాస్త విరిగిందండి. కొట్టేసినచోట ఏమీ మిగల్లేదు. అందుకే మావాళ్ళెవరైనా వంటచెరుక్కని దీన్ని నరకబోతే నేనొప్పుకోనండి."

శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇదే. మడ అడవి అలల వేగాన్ని తగ్గిస్తుంది, ఒండ్రును పట్టి నిలుపుతుంది, చేపపిల్లలకు పురిటిల్లు అవుతుంది. కాని రొయ్యల చెరువుల కోసమనీ, కలప కోసమనీ కోస్తా పొడవునా ఎంతో మడ మాయమయింది. పైగా ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడంతో సముద్రం తీరాన్ని కోసుకుపోతున్నది. వెనక కట్టిన దీవిని ఇప్పుడు నిలుపుకోవడం మన చేతిలో పని.

హంసలదీవి

మధ్యాహ్నం భోజనాలయ్యాక అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవికి బయలుదేరాము. సుమారు పాతిక కిలోమీటర్లు. ఇక్కడ వేణుగోపాలస్వామి ఆలయం ప్రసిద్ధం. పాపుల స్నానాలతో నల్లబడిన గంగ కాకి రూపాన తీర్థాలన్నీ తిరిగి, ఇక్కడ మునగగానే హంసగా మారిందట. అందుకే ఈ పేరు. మాఘపౌర్ణమినాడు వేలాదిమంది సంగమస్నానానికి వస్తారు. రద్దీ తప్పించుకోవాలని మేము రెండురోజులు ముందుగానే వెళ్ళాము.

గుడి నుంచి పాలకాయతిప్ప వైపు సాగితే సముద్రం. ఇసుక మీద ఎర్రపీతలు మన అడుగు చప్పుడుకు బొరియల్లోకి తుర్రుమంటాయి. ఇంకా ముందుకు పోతే సాగరసంగమం. ఒకవైపు మట్టిరంగు నది, ఒకవైపు నీలి సముద్రం, రెండూ కలిసేచోట నురుగు గీత. మహాబలేశ్వరంలో పుట్టి, శ్రీశైలం దగ్గర ఉరికి, బెజవాడలో మన దాహం తీర్చిన కృష్ణమ్మ ఇక్కడ పేరు మార్చుకుంటుంది. మా పిల్లలు కేకలు మాని నిలబడి చూశారు.

మా అమ్మ పాదాలు తడిసేదాకా వెళ్ళి నిలబడింది. సంచీలోంచి పసుపు, కుంకుమ పొట్లం తీసి కొద్దికొద్దిగా నీటిలో వదిలింది. సంచీలో ఇంకా ఒక కొత్త రవికెలగుడ్డ ఉంది. దానిని చేత పట్టుకుని అటూ ఇటూ చూచింది. ఒడ్డున గవ్వలు, శంఖాలు అమ్ముకుంటూ ఒక జాలరి ఇల్లాలు కూర్చుని ఉంది. అమ్మ ఆమె దగ్గరకు పోయి, బొట్టు పెట్టి, రవికెలగుడ్డ చేతికిచ్చి నమస్కారం పెట్టింది. ఆమె కంగారుపడి లేచి నిలబడింది. "ఏం పేరంటం తల్లీ?" అని అడిగింది.

"మా అక్క రమ్మంది. ఆలస్యమయింది," అంది అమ్మ.

ఆమెకు మరి చెప్పనక్కరలేకపోయింది. తన బుట్టలోంచి ఒక తెల్లటి శంఖం తీసి అమ్మ కొంగులో వేసింది. ఎంతని అడిగినా డబ్బు పుచ్చుకోలేదు.

వెళ్ళేవారికి

రాకపోకలు: విజయవాడ నుంచి అవనిగడ్డకు బస్సులో రెండు, రెండున్నర గంటలు. రైలులో వచ్చేవారు బందరులో దిగి, అక్కడినుంచి చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సులో రావచ్చు. గుంటూరు వైపువారికి తెనాలి నుంచి రేపల్లె దాకా రైలుంది. రేపల్లె నుంచి వారధి మీదుగా రావచ్చు. అవనిగడ్డ నుంచి నాగాయలంకకు, కోడూరుకు బస్సులు, ఆటోలు ఉన్నాయి. హంసలదీవికి ఆటో మాట్లాడుకుంటే తిరిగి రావడానికి కూడా ముందే చెప్పి ఉంచుకోవాలి. 2022లో జిల్లాలు విడదీసిన తరువాత విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలోను, దివిసీమ బందరు కేంద్రంగా గల కృష్ణా జిల్లాలోను ఉన్నాయి. అటవీశాఖ అనుమతులు విచారించేవారు ఇది గుర్తుంచుకోవాలి.

కాలం: డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, ఉక్క భరించలేము. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరవేశారని వింటే, సెలవు ఎంత కష్టపడి సంపాదించినా సరే, ప్రయాణం మానుకోండి.

బస: అవనిగడ్డలో ఉండవచ్చు. మోపిదేవిలో దేవస్థానం వసతి గురించి ముందుగా విచారించుకోండి. ఎక్కువ సౌకర్యం కోరేవారు బందరులోనో విజయవాడలోనో మకాం పెట్టి, పొద్దున్నే బయలుదేరి రాత్రికి తిరిగి చేరవచ్చు.

ఒక్కరోజే ఉన్నవారు: ఉదయం మోపిదేవి దర్శనం, పులిగడ్డ అక్విడక్టు, మధ్యాహ్నం హంసలదీవి. రెండు రోజులున్నవారు దీనికి తోడు నాగాయలంకలో పడవ ప్రయాణం, గణపేశ్వరం, తిరుగుదారిలో శ్రీకాకుళం, ఘంటశాల, కూచిపూడి చేర్చుకోవచ్చు. ఓపిక ఉన్నవారు పంటు మీద ఎదురుమొండి లంకకు పోయి, దీవిలోని దీవిని చూడవచ్చు.

జాగ్రత్తలు: సంగమం దగ్గర నీరు నెమ్మదిగా కనిపిస్తుంది, కాని అడుగున లాగు ఎక్కువ. మోకాలు దాటి దిగవద్దు. పిల్లల చెయ్యి విడవవద్దు. పడవలో లైఫ్ జాకెట్టు ఇస్తేనే ఎక్కండి. పొద్దుకూకకముందే అడవిదారి విడిచి రావాలి. మంచినీళ్ళు, చిరుతిళ్ళు వెంట ఉంచుకోండి. సముద్రం ఒడ్డున అన్నివేళలా దొరకవు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి తీసుకుపోండి. తాబేళ్ళు వాటిని మింగి చస్తాయి. తిరిగివచ్చేటప్పుడు బందరు మీదుగా వస్తే బందరు లడ్డు, పెడన కలంకారీ గుడ్డలు కొనుక్కోవడం ఆడవారికి నేను చెప్పనక్కరలేదు.

మరొక్క మాట

ఇదంతా చదివి, అంత ఉప్పెన వచ్చిన చోటికి పిల్లలతో వెళ్ళడమా అని ఎవరైనా శంకించవచ్చు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. నూటపదమూడేళ్ళ తరువాత అదే నవంబరులో, అదే తీరంలో మనం మళ్ళీ ఏమరుపాటున దొరికాము. కాని 1990 మే నెలలో బందరుకు దక్షిణంగా అంతటి భయంకరమైన తుపానే తీరం దాటినప్పుడు, ముందుగా హెచ్చరించి జనాన్ని తరలించినందున మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగింది. వెయ్యి ప్రాణాలు తక్కువని కాదు. 1977ను మరవనందుననే అన్ని ప్రాణాలు దక్కాయని నా భావం. ఇప్పుడు తీరం పొడవునా తుపాను రక్షణ భవనాలున్నాయి. వాటిని చూపించి పిల్లలకు కారణం చెప్పండి. మడచెట్టును చూపించి అది ఎందుకు నిలవాలో చెప్పండి. జ్ఞాపకం ఉన్న ఊరే జాగ్రత్తగా ఉంటుంది.

తిరిగివచ్చిన మరునాడు పక్కవాటావారు "ఎక్కడికి వెళ్ళారు?" అని అడిగితే, మా చిన్నవాడు "దీవికి" అని గర్వంగా చెప్పాడు. "ఏ దేశం?" అన్నారు వారు. వాడు అమ్మ మొహం చూశాడు.

"మా అక్కవాళ్ళ ఊరు," అంది అమ్మ.

శంఖం ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది. వచ్చే మాఘానికి మళ్ళీ వెళదామని అమ్మే అంటున్నది.